అమ్మ సంతకం ఉండాల్సిన చోట

2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఒక కొత్త టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను, అంటే హెచ్‌పీవీని, అడ్డుకునే టీకా అది. అమెరికాకు చెందిన పాత్ అనే లాభాపేక్ష లేని సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఈ ప్రాజెక్టును నడిపాయి. గేట్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మందికి గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో 10 వేల మందికి పైగా సెర్వారిక్స్ అనే మరో హెచ్‌పీవీ టీకా వేశారు. ఏడాది తిరగకముందే, 2010 ఏప్రిల్‌లో, ప్రాజెక్టు ఆగిపోయింది.

టీకా తీసుకున్న పిల్లల్లో ఏడుగురు, ఖమ్మంలో ఐదుగురు, వడోదరలో ఇద్దరు, చనిపోయారన్న సంగతి బయటపడడంతో కేంద్ర ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని వేసింది. పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు తేలాయి తప్ప, ఆ మరణాలు టీకా వల్ల జరిగాయనడానికి ఆధారాలు దొరకలేదు. అయితే అదే విచారణ మరొక విషయాన్ని కూడా బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు.

ప్రజారోగ్య రంగంలోకి రావాలనుకునే విద్యార్థికి ఆ రంగం ఏమిటో చెప్పాలంటే, కోర్సుల పేర్లూ ఉద్యోగాల పేర్లూ వరసగా చెప్పడం కన్నా, ఈ 2,763 సంతకాల దగ్గర కొంతసేపు నిలబెట్టడం మేలని నా నమ్మకం. ఎందుకంటే ప్రజారోగ్య వృత్తి, పరిశోధనా నైతికత, హెల్త్ ప్రమోషన్ అని వాడుకలో ఉన్న ఆరోగ్య ప్రోత్సాహం, పాఠ్యపుస్తకాల్లో మూడు వేర్వేరు అధ్యాయాలుగా కనిపించినా, క్షేత్రంలో ఒకే కాగితం మీద కలుసుకుంటాయి. ఆరోగ్య ప్రోత్సాహం చేసే వ్యక్తి మనుషుల చేత ‘సరే’ అనిపించాలని చూస్తాడు. పరిశోధనా నైతికత ఆ మనుషులు ‘వద్దు’ అనగలిగే చోటును కాపాడుతుంది. ఈ రెండు పనులూ చాలాసార్లు ఒకే ఉద్యోగి చేతిలో, ఒకే రోజున, ఒకే వరండాలో జరగవలసి ఉంటుంది.

ముందుగా విప్పవలసిన చిక్కుముడి ఒకటుంది. భద్రాచలంలో జరిగినది సేవా, పరిశోధనా? పాత్ సంస్థ వాదన ప్రకారం అది క్లినికల్ ట్రయల్ కాదు. 2008లోనే మన దేశంలో అనుమతి పొందిన టీకాను ప్రజల్లోకి ఎలా తీసుకెళ్లవచ్చో చూసే డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు మాత్రమే. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ వాదనను ఒప్పుకోలేదు. పేరు పక్కనబెట్టి పని చూస్తే, చిక్కు కొంత విడిపోతుంది. పీహెచ్‌సీకి బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లికి ఏఎన్‌ఎమ్ పోలియో చుక్కలు వేస్తే అది సేవ; అక్కడ ఆశించే ఫలితం ఆ బిడ్డ ఆరోగ్యం, దాంతోపాటు ఆ ఊరి ఆరోగ్యం. అదే టీకాను ఎంపిక చేసిన కొన్ని మండలాల్లో వేసి, ఎంతమంది తీసుకున్నారో, ఎందరికి ఏ ఇబ్బంది వచ్చిందో రాసుకుని, ఆ సమాచారంతో దేశమంతటికీ వర్తించే నిర్ణయానికి సాయపడాలనుకుంటే, అక్కడ ఆ పిల్లలు లబ్ధిదారులే కాదు, సమాచారానికి ఆధారాలు కూడా. ఇతరులకు పనికొచ్చే జ్ఞానం కోసం ఒక మనిషి శరీరాన్నో జీవితాన్నో పరిశీలిస్తున్నామంటే, ఆ సంగతి ఆ మనిషికి తెలియాలి. సేవ నుంచి పరిశోధనను వేరుచేసి చూపే ఈ గీతను అమెరికాలో పరిశోధనా నైతికత మీద వచ్చిన 1979 నాటి బెల్మాంట్ నివేదిక స్పష్టంగా గీసింది.

ఆ గీత గీయవలసి రావడానికి కారణం కూడా ప్రజారోగ్య శాఖే కావడం ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన సంగతి. అలబామా రాష్ట్రంలోని టస్కిగీ ప్రాంతంలో 1932 నుంచి 1972 వరకు, సిఫిలిస్ సోకిన 399 మంది నల్లజాతి పురుషులను, చికిత్స చేస్తున్నామన్న భ్రమలో ఉంచి, చికిత్స చేయకుండా పరిశీలించింది అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సేవా విభాగమే. 1940ల చివరికల్లా పెన్సిలిన్ ఆ జబ్బుకు ప్రామాణిక మందుగా స్థిరపడినా వారికి అందనివ్వలేదు. ఉచిత పరీక్షలు, ఉచిత భోజనం, అంత్యక్రియల ఖర్చు, ఇవన్నీ సేవ రూపంలో వచ్చాయి. భద్రాచలాన్ని టస్కిగీతో సమానం చేయడం అన్యాయమవుతుంది. ఇక్కడ ఎవరికీ అందవలసిన మందును ఆపలేదు, వేసిన టీకా మంచిదే. కానీ సేవ ముసుగు పడినప్పుడు ప్రశ్న అడగాలన్న ఆలోచనే మనుషులకు రాదన్నది రెండు చోట్లా కనిపిస్తుంది.

ఇక వార్డెన్ సంతకం సంగతి. ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లకు అన్నం పెట్టేదీ, పడుకునే చోటు చూపేదీ, సెలవు ఇచ్చేదీ వార్డెనే కాబట్టి ఆ సంతకం సహజమేనని ఆనాడు చాలామందికి తోచి ఉంటుంది. సరిగ్గా ఆ కారణంగానే ఆ సంతకం చెల్లదు. పిల్ల మీద అంత అధికారం ఉన్న మనిషి ముందు ఆ పిల్ల వద్దనలేదు. వద్దనే హక్కున్న తల్లి అక్కడ లేదు. ఎక్కడో ఇరవై ముప్ఫై కిలోమీటర్ల దూరంలో పోడు చేనులోనో, కూలి పనిలోనో ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల్లో ఒకరో, చట్టబద్ధమైన సంరక్షకులో సమ్మతించాలి. దానికి తోడు పిల్ల అంగీకారం కూడా కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వారి దగ్గర రాతపూర్వకంగా ఆ అంగీకారం తీసుకోవాలి. చదవడం రానివారికి పత్రం చదివి వినిపించేటప్పుడు, ప్రాజెక్టుతో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి ఒకరు అక్కడ ఉండాలి. వేలిముద్ర తనంతట తాను తప్పు కాదు. ఆ వేలిముద్ర పక్కన అటువంటి సాక్షి పేరు లేకపోతే, తల్లికి ఏం చెప్పారో, ఏం అర్థమైందో తర్వాత తెలుసుకునే దారి ఉండదు.

ఆ మార్గదర్శకాల్లోనే మరొక సూక్ష్మం ఉంది. సమూహంలోకి వెళ్లడానికి ఊరి పెద్ద అనుమతి, పాఠశాలలోకి వెళ్లడానికి ప్రధానోపాధ్యాయుడి అనుమతి తీసుకోవచ్చు, చాలా చోట్ల తీసుకోవాలి కూడా. అది గడప దాటడానికి ఇచ్చే అనుమతి. లోపల ఉన్న ప్రతి మనిషీ తన విషయంలో తాను ఇచ్చే సమ్మతికి అది బదులు కాదు. ఖమ్మంలో గడప దగ్గరి అనుమతినే లోపలివారి సమ్మతిగా లెక్కవేశారు. మన ఊళ్లలో పెద్దమనిషి మాట అంటే ఊరి మాటే అనుకునే అలవాటు ఎంత లోతుగా ఉందో తెలిసినవారికి ఈ పొరపాటు ఎంత సులభంగా జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి పొరపాటును ముందుగానే పట్టుకోవలసింది, పరిశోధన నైతికంగా సరైనదేనా అని పరిశీలించే ఎథిక్స్ కమిటీ. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం క్లినికల్ ట్రయల్స్‌ను పరిశీలించే కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో న్యాయం తెలిసినవారు ఒకరు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు ఒకరు, కనీసం ఒక మహిళ ఉండాలి. కనీసం సగం మంది ఆ సంస్థకు బయటివారై ఉండాలి. ఆ సామాన్య సభ్యుడి కుర్చీ ఎంత విలువైనదో చాలామంది గుర్తించరు. గణాంకాల పట్టికను అడ్డుపెట్టి ఆయనను ఒప్పించలేరు. ‘ఈ కాగితం మా అమ్మకు అర్థమవుతుందా?’ అని అడగడమే ఆయన పని. హాస్టల్ పిల్లల నుంచి సమ్మతి ఎలా తీసుకుంటారని ఒక్క సభ్యుడు పట్టుబట్టి అడిగి, ప్రతి పిల్ల తల్లిదండ్రులనూ ఎక్కడ, ఏ రోజున, ఏ భాషలో కలుస్తారో రాసి తెమ్మని పత్రాన్ని వెనక్కి పంపి ఉంటే, ఈ కథ వేరుగా నడిచేది. సామాజిక శాస్త్రం, న్యాయం, భాషాశాస్త్రం చదివినవారికి కూడా ప్రజారోగ్యంలో చోటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

మరణాల విషయం తీసుకుంటే మరో వృత్తి అవసరం కనిపిస్తుంది. పద్నాలుగు వేల మంది పిల్లలున్న ఏ సమూహంలోనైనా, ఏ టీకా వేయకపోయినా, ఏడాదిలో కొన్ని మరణాలు సంభవిస్తాయి. మలేరియా, పాముకాటు ఎక్కువగా ఉండే ఏజెన్సీ ప్రాంతంలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. టీకా వేసిన తర్వాత జరిగిన మరణం, టీకా వల్ల జరిగిన మరణం అనే రెంటికీ మధ్య ఉన్న తేడాను తేల్చేది, జనంలో జబ్బుల తీరునూ కారణాలనూ అధ్యయనం చేసే ఎపిడమియాలజిస్టు. అందుకు మామూలుగా ఆ ప్రాంతంలో ఆ వయసువారిలో మరణాలు ఎన్ని ఉంటాయో తెలిసి ఉండాలి, ప్రతి పిల్లకూ డోసు పడిన తేదీ ఉండాలి, ఆ తర్వాత జ్వరం వచ్చినా మూర్ఛ వచ్చినా నమోదు చేసే ఏర్పాటు ఉండాలి, మరణం జరిగితే వెంటనే వెళ్లి ఇంటివారితో మాట్లాడి కారణం రాసుకునే మనిషి ఉండాలి. దుష్ఫలితాలను నమోదుచేసే ఏర్పాటు బలహీనంగా ఉండడం కూడా ఆ ప్రాజెక్టు మీద వచ్చిన ప్రధాన విమర్శల్లో ఒకటి. అంటే టీకా నిర్దోషిత్వాన్ని గట్టిగా చెప్పగలిగే సాక్ష్యం కూడా ఆ బలహీనతలోనే పోయింది. నైతికత వేరు, శాస్త్రం వేరు అనుకునేవారు ఈ ఒక్క విషయాన్ని జాగ్రత్తగా ఆలోచించాలి.

ఆరోగ్య ప్రోత్సాహం దగ్గరికి వస్తే, ఆ మాటకు మన దగ్గర గోడ మీద నినాదం, మైకు బండి, కరపత్రం అనే అర్థం స్థిరపడిపోయింది. 1986 నవంబరులో కెనడాలోని ఒట్టావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించిన సదస్సు వెలువరించిన ప్రకటన దానికి చాలా విశాలమైన అర్థం ఇచ్చింది. మనుషులు తమ ఆరోగ్యం మీద తాము పట్టు పెంచుకునేలా చేయడమే ఆరోగ్య ప్రోత్సాహమని దాని సారాంశం. మనిషికి విషయం చెప్పడం అందులో ఒక భాగం మాత్రమే. విధానాలు మారాలి, పరిసరాలు మారాలి, సమూహం తానుగా కదలాలి, వైద్య సేవలు ప్రజల వైపు తిరగాలి.

ఈ తేడా తెలుగువారికి నల్గొండ నీళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో. తర్వాత నల్గొండ జిల్లా ఆ జబ్బుకు మారుపేరయింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, తాగవద్దు అని ఎన్ని కరపత్రాలు పంచినా, వేరే నీళ్లు లేని ఊరికి ఆ సమాచారం భయాన్ని తప్ప ఆరోగ్యాన్ని ఇవ్వదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే, నల్గొండ పేరుతోనే ప్రసిద్ధమైన పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించడం ఒక మెట్టు. నదీజలాలను ఊళ్లకు తేవాలని ప్రజలు దశాబ్దాలపాటు చేసిన ఉద్యమం మరో మెట్టు. ఒట్టావా ప్రకటన చెప్పిన అర్థంలో ఆ ఉద్యమమే అసలైన ఆరోగ్య ప్రోత్సాహం.

అదే కొలతతో ఖమ్మం ప్రాజెక్టును చూద్దాం. ప్రచార సామగ్రి మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ చిహ్నం వాడారు. దాంతో ఇది మామూలు ప్రభుత్వ టీకా కార్యక్రమమేనన్న అభిప్రాయం కలిగింది. ప్రభుత్వ టీకా మీద జనానికి ఉన్న నమ్మకం ఏఎన్‌ఎమ్‌లు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఏళ్ల తరబడి కూడబెట్టినది. ఆ కూడబెట్టిన నమ్మకాన్ని ఒక పరిశీలనా ప్రాజెక్టుకు, తల్లులకు చెప్పకుండా, వాడుకోవడం నా దృష్టిలో పత్రాల మీది లోపం కన్నా పెద్ద తప్పు. టీకా వల్ల లాభం ఎంతో చెప్పి, అది ఏం చేయలేదో, ఎలాంటి ఇబ్బందులు రావచ్చో, వద్దంటే హాస్టల్లో ఏ నష్టమూ ఉండదనీ చెప్పకపోతే అది ప్రకటన అవుతుంది, ప్రోత్సాహం కాదు. హెచ్‌పీవీ టీకా తీసుకున్నా పెద్దయ్యాక ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేయించుకోవలసిందేనన్న మాట తల్లీకూతుళ్లిద్దరికీ చెప్పవలసినది. ఆ తల్లికి అసలు ఆ పరీక్ష దగ్గరలో ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పగలగాలి.

ఇంతవరకు వచ్చిన మనుషులను లెక్కపెడితే ఈ రంగంలోని వృత్తులు చాలావరకు వచ్చేసినట్టే. ఇంటింటికీ వెళ్లేవారు ఆశా కార్యకర్తలు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో, సుమారు వెయ్యి మంది జనాభాకు ఒకరు చొప్పున వచ్చారు. సబ్‌సెంటర్‌ను నడిపేది ఏఎన్‌ఎమ్. జిల్లా స్థాయిలో టీకాల బాధ్యత చూసే ఇమ్యునైజేషన్ అధికారి, ప్రచార బాధ్యత చూసే, అందరూ డెమో అని పిలిచే అధికారి, అందరి మీదా జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, అంటే డీఎంహెచ్‌వో ఉంటారు. వైద్యం చదివి కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేయడం ఒక దారి. వైద్యం చదవనివారికి ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) అనే రెండేళ్ల కోర్సు ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ చదవవచ్చు. పోషకాహారం మీద ఆసక్తి ఉంటే, 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా పుట్టి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థలో క్షేత్ర ఎపిడమియాలజీ శిక్షణ దొరుకుతుంది. గణితం ఇష్టమైనవారికి బయోస్టాటిస్టిక్స్, భాష ఇష్టమైనవారికి ఆరోగ్య సమాచార రంగం, చట్టం ఇష్టమైనవారికి ఎథిక్స్ కమిటీల పని ఉన్నాయి. ఉద్యోగాలు మాత్రం ఉండవలసినన్ని లేవు, ఉన్నవాటిలో చాలా కాంట్రాక్టు పద్ధతిలోనివే. ఈ మాట దాచి విద్యార్థులను కోర్సుల్లోకి పిలవడం కూడా సమ్మతి లేకుండా టీకా వేయడం లాంటిదే. తమిళనాడు ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడర్‌ను ఏనాటి నుంచో నిలబెట్టుకుంటూ వస్తోంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం అటువంటి కేడర్ అన్ని రాష్ట్రాల్లోనూ ఉండాలని సూచించింది.

ఆ 2,763 సంతకాల మూల్యం చాలా ఏళ్లు కొనసాగింది. ప్రాజెక్టు ఆగిన తర్వాత హెచ్‌పీవీ టీకా పేరెత్తడమే కష్టమైపోయింది. పంజాబ్ 2016లో, సిక్కిం 2018లో తమంతట తాము మొదలుపెట్టేదాకా ఏ రాష్ట్రమూ ప్రభుత్వ కార్యక్రమంగా దాని జోలికి పెద్దగా పోలేదు. ఆ మధ్యకాలంలో కూడా జబ్బు ఆగలేదు. 2020 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా 20 వేల మందికి పైగా మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, 77 వేల మందికి పైగా చనిపోతున్నారు. సమ్మతిని అడ్డంకిగా, ఆలస్యంగా చూసేవారికి ఈ లెక్క చూపించాలి. సమ్మతి కోసం పట్టే కొన్ని వారాలను మిగుల్చుకోబోయి ఏళ్లు పోగొట్టుకున్నాం.

అయితే ఆనాటి ఆగిపోవడంలోంచే ఎవరూ ఊహించని ఒక ఫలితం కూడా వచ్చింది. ఖమ్మం ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలోని పలు కేంద్రాల్లో హెచ్‌పీవీ టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చే పరీక్షను అప్పట్లో నడుపుతుండేది. టీకాలు ఆపాలని 2010లో ప్రభుత్వం ఇచ్చిన ఆదేశంతో అక్కడా టీకాలు ఆగిపోయాయి. అప్పటికి చేరిన 17 వేల మందికి పైగా అమ్మాయిల్లో సుమారు ఐదు వేల మంది ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు, క్షేత్ర సిబ్బంది వారిని వదిలేయకుండా, పెళ్లిళ్లయి ఊళ్లు మారినా వెతుక్కుంటూ వెళ్లి, పదేళ్ల పాటు పరిశీలించారు. ప్రధానమైన రెండు వైరస్ రకాల నుంచి ఒక్క డోసు కూడా గట్టి రక్షణ ఇస్తోందని 2021లో వెలువడిన ఫలితాలు చూపాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని ఆమోదించడానికి ఆధారమైన పరిశోధనల్లో ఇదీ ఒకటి.

ఒక్క డోసు అంటే హాస్టల్‌కు మూడుసార్లు వెళ్లనక్కరలేదు. ఆ మిగిలిన శ్రమను తల్లిదండ్రుల కోసం ఖర్చుపెట్టవచ్చు. ఏజెన్సీలో వారపు సంత ఏ రోజో ఏఎన్‌ఎమ్‌కు తెలుసు. ఆ రోజు ఊళ్ల నుంచి తల్లులు దిగుతారు, హాస్టల్లో ఉన్న పిల్లలను చూసి వెళతారు. కోయ భాష వచ్చిన కార్యకర్త ఒకరు, ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి ఒకరు, నీడలో రెండు కుర్చీలు, రెండు సంతల పాటు తిరగడానికి ఒక జీపు ఉంటే సరిపోతుంది. సంతకు రాని తల్లుల కోసం మూడో వారం ఊళ్లోకే వెళ్లాలి. అప్పటికీ వద్దన్న తల్లి పిల్ల పేరు ఎదురుగా ‘వద్దన్నారు’ అని మాత్రమే రాసి, కారణం అడిగి వేధించకుండా, ఆ పిల్లను తరగతిలోకి పంపేయాలి. ఈ జీపు డీజిల్, ఈ కార్యకర్త దినభత్యం, ఈ మూడు వారాలు ప్రాజెక్టు బడ్జెట్ మొదటి పేజీలోనే, టీకా ధర పక్కనే, ఒక పద్దుగా ఉండాలి.